ఊరి పేరు లేని ముద్ర

మా ఇంట్లో వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తీగకి గుచ్చేవారు. వసారా దూలానికి కొక్కెంతో వేలాడే ఇనప తీగ, అడుగున గుండ్రటి చెక్క బిళ్ళ, పైన సూది మొన. చదవడం అయిపోయిన కార్డుని ఆ మొనకి నెట్టేసేవాళ్ళు. తీగ నిండితే అటక మీద పడేసి కొత్తది వేలాడదీసేవాళ్ళు. అందుకే మా తాతయ్య కాలం నాటి కార్డుల్లో ప్రతిదానికీ నడుమ ఒక చిల్లు, చిల్లు చుట్టూ తుప్పు మరక ఉంటాయి. టెక్కలి దగ్గర పల్లె మాది. ఊళ్ళో ఇల్లు అమ్మేసినప్పుడు నాన్న ఆ తీగలన్నీ ఒక రేకు పెట్టెలో సర్ది విశాఖపట్నం తెచ్చుకున్నారు, ఆయన పోయాక ఆ పెట్టె నా దగ్గరికి వచ్చింది.

ముందు అందరిలాగే నేనూ రాత చదవడానికే కూర్చున్నాను. చదివితే ఏముంది, అన్నీ ఒకటే. పైన శ్రీరామ, కింద ఉభయకుశలోపరి, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాము, వానలు పడ్డాయి, ఆవు ఈనింది, పిల్లకి ఒళ్ళు బాగా లేదు ఇప్పుడు నయం, పెద్దలకు నమస్కారాలు పిల్లలకు ఆశీస్సులు. చోటు చాలకపోతే అంచు వెంబడి నిలువుగా ఇంకో రెండు ముక్కలు. నాలుగు మూలలా పసుపు అంటిన కార్డులు పెళ్ళి కబుర్లవి, పురుడు కబుర్లవి. చావు కబురు కార్డు మాత్రం ఒక్కటీ లేదు, అవి చదివి గుమ్మం అవతలే చింపేసేవారు, ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. అంటే తీగ మీద మిగిలినవి మంచి కబుర్లే, అదీ పోస్టుమాన్ నుంచి పక్కింటి దాకా అందరూ చదువుతారని తెలిసి రాసిన మంచి కబుర్లు. గొడవలు, అప్పులు, అలకలు ఎవరూ కార్డు ముక్క మీద రాయరు కదా.

అలా విసుగొచ్చి కార్డు తిప్పి అటు పక్క చూడటం మొదలెట్టాను. చిరునామా వైపు. అక్కడున్న నల్ల ముద్రలు, ఎర్ర సిరా గీతలు, నీలం పెన్సిల్ రాతలు, ఎవరో ఏదో లెక్క వేసి కొట్టేసిన అంకెలు. రాసినవాళ్ళు దాచుకోగలిగారు గానీ ఆ ముద్రలు కొట్టినవాళ్ళకి మా ఇంటి సంగతి దాచాల్సిన పనేమీ లేదు. అప్పటి నుంచి నాకు ఆ వైపే పిచ్చి పట్టుకుంది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు నన్ను తిప్పలు పెట్టింది మా పెదనాన్న కార్డు. 1954 నాటిది. పెదనాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి చేరడానికి వెళ్ళినప్పటిది. ఆ రోజుల్లో మా వైపు నుంచి ఖరగ్‌పూర్ వెళ్ళనివాళ్ళు లేరు, బి.ఎన్.ఆర్., అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, ఉద్యోగం అంటే ఇంటికొకరు అన్నట్టుండేది, ఇప్పటికీ ఆ ఊళ్ళో తెలుగువాళ్ళ వీధులే ఉన్నాయి. పెదనాన్న వెళ్ళడం మాత్రం సవ్యంగా జరగలేదు. పొలం పని వదిలేసి పోతున్నాడని తాతయ్య మాట్లాడటం మానేశారు, నాన్నమ్మ అన్నం మానేసింది. నౌపడ స్టేషనుకి బండి కట్టించడానికి కూడా తాతయ్య ఒప్పుకోలేదని, పెదనాన్న పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళారని నాన్న చెప్పేవారు. అలా వెళ్ళిన మనిషి దగ్గర నుంచి వచ్చిన మొదటి కార్డు ఇది. పెన్సిల్‌తో రాశారు. "అమ్మకు నమస్కారాలు. నేను క్షేమంగా చేరాను. స్టేషనుకి మనవాళ్ళు వచ్చారు. నువ్వు బెంగ పెట్టుకోకు, భోజనం మానకు." అంతే. తాతయ్య ప్రస్తావన లేదు.

ఈ కార్డు మీద ముద్రలో ఊరి పేరు లేదు. ఖరగ్‌పూర్ నుంచి పెదనాన్న తరవాత రాసిన కార్డులు కట్టలు కట్టలుగా ఉన్నాయి, వాటన్నిటి మీదా గుండ్రటి ముద్రలో ఖరగ్‌పూర్ అని స్పష్టంగా కనిపిస్తుంది. దీని మీద ఆర్.ఎమ్.ఎస్. అని, ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన అంకె, కింద ఔట్ అని, ఇంకో వైపు సెట్ అని మరో అంకె, మధ్యలో తేదీ. పైగా కార్డు మీద అచ్చయి వచ్చిన స్టాంపు ఉండగా పక్కనే ఇంకో స్టాంపు అతికించి ఉంది. కార్డుకి మామూలుగా అయ్యే ఖర్చుకి మించి డబ్బు పెట్టాడన్నమాట, అదీ చేతిలో చిల్లర లేకుండా ఇల్లు వదిలిన మనిషి. ఎందుకు పెట్టాడు? తేదీ చూస్తే ఇంకో చిక్కు, టెక్కలిలో పడిన డెలివరీ ముద్ర దానికి రెండో రోజుదే.

మా కాలనీలో ఆర్.ఎమ్.ఎస్.లో సార్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారు, అందరం మావయ్యగారూ అంటాం. ఆయన చూపు సరిగ్గా ఆనదు. కార్డుని కిటికీ దగ్గర వెలుగుకి పట్టుకుని, ముద్ర మీద వేలితో ఒకసారి తడిమి, "ఇది పోస్టాఫీసు ముద్ర కాదు బాబూ, బండి ముద్ర" అన్నారు.

ఆయన చెప్పాక గానీ నాకు ఆర్.ఎమ్.ఎస్. అంటే ఏమిటో సరిగ్గా తెలియలేదు, స్టేషన్ల దగ్గర ఉండే ఆఫీసు అనే అనుకునేవాణ్ణి. రైల్వే మెయిల్ సర్వీస్ వాళ్ళకి మెయిలు బండిలో సొంత పెట్టె ఉండేది. లోపల గోడ నిండా గూళ్ళు, ఒక్కో గూడు ఒక్కో ఊరికి. రాత్రంతా నిలబడి, ఊగుతున్న బండిలో ఉత్తరాలు చదువుతూ గూళ్ళలోకి వేస్తూ, వచ్చే స్టేషనుకి ఏ సంచి దింపాలో కట్టి సిద్ధం చేసుకునేవాళ్ళు. ఏ పల్లె ఏ ఆఫీసు కిందకి వస్తుందో, ఆ ఆఫీసుకి ఏ స్టేషనులో సంచి దింపాలో అంతా నోటికి రావాలి, దానికి పరీక్ష కూడా ఉండేదట. డివిజనుకో అక్షరం. విశాఖపట్నానికి వి, విజయవాడకి వై, హైదరాబాదుకి జెడ్, గుంతకల్లుకి ఏజీ. తమ హెడ్‌క్వార్టర్స్ నుంచి బయలుదేరి వెళ్ళేటప్పుడు కొట్టే ముద్రలో ఔట్ అని, తిరుగు ప్రయాణంలో ఇన్ అని ఉండేది. సెట్ అంటే ఆ రోజు ఆ పెట్టెలో డ్యూటీ చేసిన జట్టు. మావయ్యగారు ఆ జట్ల గురించి మాట్లాడుతుంటే ఆపడం నా వల్ల కాలేదు, ఆపాలనీ అనిపించలేదు. నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయేవట, వేసవిలో బోగీ రేకు కాలిపోయేదట, అయినా రేపు పొద్దున ఫలానా ఊళ్ళో ఫలానా మనిషికి ఉత్తరం అందకపోతే అది మా జట్టు పరువు అనుకునేవాళ్ళం అన్నారు.

ఆ పెట్టెకి బయట ఉత్తరాలు వేసే కంత ఉండేది. బండి ఆగినప్పుడు ఎవరైనా వచ్చి అందులో వేసుకోవచ్చు. పోస్టాఫీసుల్లో తపాలా కట్టేసే వేళ దాటిపోయాక ఇలా నేరుగా బండికి అందించాలంటే లేట్ ఫీ అని అదనంగా స్టాంపు అంటించాల్సి వచ్చేది. ఆ రెండో స్టాంపు దానికే.

అంటే పెదనాన్న ఖరగ్‌పూర్‌లో దిగాక వేసింది కాదు ఆ కార్డు. వెళ్తున్న బండిలోనే రాసి, దారిలో ఏదో స్టేషనులో దిగి, పరిగెత్తుకెళ్ళి మెయిలు పెట్టె కంతలో వేసి మళ్ళీ ఎక్కారు. అక్షరాలు వణికి ఉండటం నేను ఆత్రం అనుకున్నాను, బండి కుదుపు. ఇంకా చేరనే లేదు, స్టేషనుకి ఎవరైనా వస్తారో రారో కూడా తెలియదు, కానీ చేరాను, మనవాళ్ళు వచ్చారు అని రాసేశారు. ఖరగ్‌పూర్‌లో దిగి, ఊరు చూసుకుని, పోస్టాఫీసు వెతుక్కుని వేస్తే నాన్నమ్మకి ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యం అవుతుంది. అన్ని రోజులు ఆవిడ అన్నం తినదు. బండిలో వేస్తే వాళ్ళు దాన్ని తిరుగు బండి సంచిలో పడేస్తారు, నౌపడలో దిగి టెక్కలి వచ్చేస్తుంది. అదనపు స్టాంపు డబ్బులు పెట్టి కొనుక్కున్నది ఆ రెండు మూడు రోజులు. పెదనాన్న ఈ సంగతి జీవితంలో ఎవరికీ చెప్పలేదు, నాన్నకి కూడా తెలియదు, నాన్నమ్మకి అసలే తెలియదు. అరవై ఏళ్ళకి పైగా ఆ ముద్ర తీగ మీదే ఉంది.

ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పెదనాన్న కోపిష్టి, మాట పెళుసు, చిన్నప్పుడు ఆయనంటే మాకు భయం. ఆ మనిషిని నేను మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇక ఖరగ్‌పూర్ కట్టలో ఇంకో సంగతి. పెదనాన్న రిటైరై వచ్చేటప్పుడు, నాన్నమ్మ ఆయనకి రాసిన కార్డుల్ని కూడా తెచ్చుకున్నారు, అందువల్ల రెండు వైపులవీ నా దగ్గర ఉన్నాయి. నాన్నమ్మకి తెలుగు తప్ప వేరే అక్షరం రాదు. చిరునామా మొత్తం తెలుగులోనే, గుండ్రటి పెద్ద అక్షరాలు, ఖరగ్‌పూర్ కాదు "కరకుపూరు" అని రాసేది. బెంగాల్ పోస్టాఫీసులో అది చదివేదెవరు? ప్రతి కార్డు మీదా చిరునామా పక్కన నీలం పెన్సిల్‌తో ఇంగ్లీషులో కె.జి.పి. అని, ఖరగ్‌పూర్‌కి పొట్టి పేరు, మూడు అక్షరాలు రాసి ఉంటాయి. తెలుగు చదవగలిగిన మనిషి ఎవరో, బండిలోనో సార్టింగ్ ఆఫీసులోనో, అవతలివాళ్ళకి అర్థమయ్యేలా రాసి పంపేవారు. అది వాళ్ళ పనిలో భాగమే అన్నారు మావయ్యగారు. కానీ ఒకే చేతి రాత ఏళ్ళ తరబడి కనిపిస్తుంది, జి అక్షరానికి కింద ఒక కొక్కెం తగిలిస్తాడాయన. నాన్నమ్మ రాసే "కరకుపూరు" ఆయనకి అలవాటైపోయి ఉంటుంది.

1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారి ఆలోచన అది. భాష ఏదైనా, చేతిరాత ఎంత వంకరగా ఉన్నా, ఒకే పేరుతో పది ఊళ్ళున్నా, ఆరు అంకెలుంటే చాలు సంచి సరైన దారిన పోతుంది. ఇప్పుడు మనకి అది మామూలు సంగతి అయిపోయింది గానీ ఇంతకన్నా జనానికి పనికొచ్చిన ఏర్పాటు తపాలా వాళ్ళు చేసింది తక్కువ. పెదనాన్న సెలవుకి వచ్చినప్పుడు వంటింటి గోడ మీద బొగ్గుతో 721301 అని రాసి పెట్టారట, నాన్నమ్మ కార్డు రాసేటప్పుడు లేచి వెళ్ళి ఆ గోడ చూసి ఒక్కో అంకే దించేది. అంకెలు పడిన కార్డుల మీద నీలం పెన్సిల్ కె.జి.పి. లేదు.

మా ఇంటి చిరునామా సంగతి కూడా చెప్పాలి. ఇల్లు ఎక్కడికీ కదల్లేదు, కానీ పాత కార్డుల మీద గంజాం జిల్లా, కొన్నిటి మీద విశాఖపట్నం జిల్లా, తరవాతి వాటి మీద శ్రీకాకుళం జిల్లా. చిన్నప్పుడు చూసి, తాతయ్యవాళ్ళు ఊళ్ళు మారారేమో అనుకునేవాళ్ళం పిల్లలం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా చాలా మటుకు అటు పోయింది, టెక్కలి వైపు మిగిలిన ముక్క విశాఖ జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. బంధువుల్లో కొందరికి ఈ మార్పు తలకెక్కలేదు. 1940ల్లో కూడా గంజాం అని రాసినవాళ్ళున్నారు, ఆ పదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పైన సరిచేసినది ఏ గుమాస్తానో. ముద్రల్లో శ్రీకాకుళం అనే మాట వెతికితే మొదట్లో దొరకదు, ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అనేవారు కాబట్టి ముద్రలోనూ చికాకోలే. విజయవాడకి బెజవాడ, ఏలూరుకి ఎల్లోర్, కాకినాడకి కోకనాడ. స్వాతంత్ర్యం వచ్చిన తరవాత ముద్రల్లో హిందీ అక్షరాలు వచ్చి చేరాయి. ముద్రలో తేదీ అరిగిపోయినా, ఊరి పేరు రాసిన తీరుని బట్టి కార్డు ఏ కాలానిదో కొంత పసిగట్టొచ్చు, ఇది నాకు బాగా అక్కరకొచ్చింది, ఎందుకంటే మా తీగ చిల్లు చాలాసార్లు సరిగ్గా తేదీ మీదే పడింది.

మా మేనత్త బొబ్బిలి నుంచి రాసిన కార్డుల్లో ఒక వరస మీద డ్యూ అనే ముద్ర, పక్కన చేత్తో రాసిన పైసలు. బేరింగ్ అన్నమాట. ఆవిడ కార్డులు ఒకేసారి ఎక్కువ కొని పెట్టె అడుగున దాచుకునేది, ఈలోగా కార్డు రేటు పెరిగింది, తేడా స్టాంపు అంటించాలని ఆవిడకి తెలియదు. తక్కువైనదానికి రెట్టింపు ఇక్కడ అందుకున్నవాళ్ళ దగ్గర వసూలు చేసేవారు. ఆ ముద్రలు వరసగా చాలా కాలం సాగాయి. నాన్నమ్మ ఒక్క ముక్క రాసి ఉంటే మర్నాటి నుంచే ఆగేవి. రాయలేదు, ప్రతిసారీ చిల్లర ఇచ్చి కార్డు తీసుకుంది. అత్తింట్లో ఆ కార్డు కూడా ఎవరికీ తెలియకుండా రాసుకునే పిల్లకి, నీ ఉత్తరానికి మేము డబ్బులు కట్టాం అని ఏ తల్లి రాస్తుంది?

అమ్మమ్మగారి ఊరు సోంపేట అవతల. ఆ ఊరి నుంచి వచ్చిన పాత కార్డుల మీద కూడా ఊరి పేరు లేదు, ఎక్స్‌పెరిమెంటల్ పి.ఓ. అని, ఒక అక్షరం, ఒక నంబరు మాత్రం ఉన్నాయి. కొత్తగా పల్లెల్లో పోస్టాఫీసు తెరిచినప్పుడు ముందు ప్రయోగంగా నడిపేవాళ్ళు, ఉత్తరాలు తగినన్ని వస్తే ఖాయం చేసేవాళ్ళు, లేకపోతే మూసేసేవాళ్ళు. ఖాయం కాని ఆఫీసుకి పేరు చెక్కిన ముద్ర ఎందుకని నంబరు ముద్ర ఇచ్చేవారు. ఆ ఊరి బడి పంతులుగారి వీధి అరుగే పోస్టాఫీసు అని అమ్మ చెప్పేది, ఊళ్ళో ఆఫీసు నిలబెట్టుకోవాలని ఆయన ఇంటింటికీ తిరిగి, అవసరం ఉన్నా లేకపోయినా చుట్టాలకి కార్డులు రాయించేవారట. ఆ కాలంలో అమ్మమ్మ దగ్గర నుంచి వారానికో కార్డు వచ్చి పడటానికి కారణం అదే అయుండాలి. తరవాతి కార్డుల్లో ఊరి పేరుతోనే ముద్ర ఉంది, పక్కన బి.ఓ., అంటే బ్రాంచి ఆఫీసు, అని. పంతులుగారు గెలిచారు. అప్పటి నుంచి అమ్మమ్మ కార్డులు మళ్ళీ పండక్కీ పబ్బానికీ మాత్రమే.

హైదరాబాదులో అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో పాత కార్డుల కోసం వెతికినప్పుడు నిజాం రాష్ట్రం వాటిని కూడా కొన్ని చూశాను. నిజాం సర్కారుకి సొంత తపాలా ఉండేది, 1869 నుంచే సొంత స్టాంపులు, వాటి మీద ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ నాలుగు లిపులూ కనిపిస్తాయి. ఆ స్టాంపులు ఆ రాష్ట్రం హద్దు దాటితే చెల్లవు. 1950 ఏప్రిల్ 1న అది భారత తపాలాలో కలిసింది. అక్కడొక కార్డు మీద రాసినాయన తేదీ 1355 అని వేశారు. అది ఫసలీ సంవత్సరం, శిస్తు లెక్కలకి వాడేది, 590 కలిపితే 1945. మన దగ్గర పాత పట్టా కాగితాలు చూసినవాళ్ళకి ఫసలీ లెక్క తెలిసే ఉంటుంది.

ఇప్పుడు రంగం కార్డు. దీని గురించి రాయాలనే ఇదంతా మొదలెట్టాను.

మా వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అనేవారు. విశాఖ నుంచీ కాకినాడ నుంచీ ఓడ ఎక్కి బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోయడానికి వెళ్ళిన జనం లెక్కలేనంతమంది. అక్కడ మనవాళ్ళని కొరంగీలనేవారు, కోరంగి రేవు పేరు మీద. మా తాతయ్య తమ్ముడు, చిన్నతాతయ్య, పెళ్ళి కాకముందే వెళ్ళి అక్కడ ఒక దుకాణంలో లెక్కలు రాసే పనిలో కుదిరారు. ఆయన పంపిన కార్డులు ఉన్నాయి. బర్మా అప్పటికి ఇండియాలో భాగమే కాబట్టి మొదట్లోవాటి మీద మన స్టాంపే, మన రాజు బొమ్మే. 1937 ఏప్రిల్ 1న బర్మాని విడదీశారు. ఆ తరవాతవాటి మీద అదే రాజు బొమ్మ, కానీ పైన బర్మా అని నల్ల అక్షరాలు అచ్చు కొట్టి ఉంటాయి. ఆ మార్పు గురించి చిన్నతాతయ్య ఎక్కడా రాయలేదు, ఆయన రాసింది బియ్యం ధర, తన ఆరోగ్యం, పంపిన మనియార్డరు అందిందా అని.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఊరు వాళ్ళ చేతికి పోయింది. మధ్యలో, ఫిబ్రవరిలో, తాతయ్య తన తమ్ముడికి ఒక కార్డు రాశారు. మొగల్ స్ట్రీట్ చిరునామా. "చిరంజీవి తమ్ముడికి ఆశీర్వచనములు. ఇక్కడ అందరం క్షేమం. నీవు డబ్బు సంగతి చూడక వెంటనే బయలుదేరి రావలెను. పొలం మనిద్దరికీ చాలును." తాతయ్య రాతలో నేను చూసిన అన్నిటికన్నా గట్టి మాట అదే, పొలం మనిద్దరికీ చాలును. పన్నెండేళ్ళ తరవాత కొడుకుతో మాటలు మానేసింది కూడా ఆ పొలం గురించే.

ఈ కార్డు మా ఇంట్లోనే ఉందంటే తిరిగొచ్చిందని అర్థం. చిరునామా వైపు ఖాళీ లేదు. టెక్కలి ముద్ర ఫిబ్రవరిది. దాని పక్కన చిన్న ముద్రలో పాస్డ్ అని, కింద ఒక నంబరు, యుద్ధకాలపు సెన్సారు వాళ్ళది. విదేశాలకి పోయే ఉత్తరాల్ని చదివి వదిలేవాళ్ళు అప్పుడు. అంటే పొలం మనిద్దరికీ చాలును అన్న మాటని తమ్ముడి కన్నా ముందు ఎవరో చదివారు. ఆ పైన ఊదా రంగు రబ్బరు ముద్ర, సర్వీస్ సస్పెండెడ్. తపాలా నిలిపివేయబడినది. మొగల్ స్ట్రీట్ మీదుగా ఎర్ర సిరా గీత. చివర్లో మళ్ళీ టెక్కలి ముద్ర, సెప్టెంబరుది.

ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఆ కార్డు ఎక్కడుంది? ఏ రేవులో, ఏ సంచిలో? ఆ నడుమ ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి, తీరంలో జనం ఊళ్ళు ఖాళీ చేసి లోపలికి పారిపోయారు. అంత గందరగోళంలో, అందని ఒక కార్డు ముక్కని పారేయకుండా, గీత గీసి, ముద్ర వేసి, రాసినవాళ్ళకి తిరిగి పంపాలని ఎవరో అనుకున్నారు చూడండి, ఆ పనితనానికి నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

చిన్నతాతయ్య ఆ కార్డు అందకుండానే బయలుదేరారు. ఓడలో చోటు దొరకలేదు. తౌంగప్ కనుమ మీదుగా నడిచి అరకాను తీరం చేరి, అక్యాబ్ నుంచి పడవలో చిట్టగాంగు వచ్చినవాళ్ళలో ఆయనా ఒకరు. దారిలో కలరా, నీళ్ళు లేక చచ్చిపోయినవాళ్ళు, వదిలేసి వచ్చిన ముసలివాళ్ళు. ఇవేవీ ఆయన చెప్పేవారు కాదు, నాన్న ఎవరి దగ్గరో విని మాకు చెప్పినవే. జూన్‌లో ఇల్లు చేరారు, ఎముకల గూడులా. అంటే సెప్టెంబరులో పోస్టుమాన్ ఈ కార్డు తెచ్చేటప్పటికి, ఎవరికైతే అది రాశారో ఆ మనిషి మా వసారాలోనే ఉన్నారు. అది ఎవరు అందుకున్నారో, ఆయన చదివారో లేదో నాన్న చెప్పలేదు. కానీ కార్డు చూస్తే తెలుస్తుంది. దీనికి చిల్లు లేదు. మా ఇంటికి వచ్చిన కార్డుల్లో తీగకి గుచ్చనిది ఇదొక్కటే. నిలువుగా మధ్యకి మడిచిన గీత ఉంది, గీత వెంట కాగితం అరిగి వెలిసిపోయింది, చాలా కాలం జేబులోనో, పర్సులోనో పెట్టుకుని తిరిగితే అలా అవుతుంది. రేకు పెట్టెలో కూడా ఇది తాతయ్య కార్డులతో లేదు, చిన్నతాతయ్య కాగితాల మధ్య దొరికింది.

ఆయన మళ్ళీ రంగం వెళ్ళలేదు. పొలం నిజంగానే ఇద్దరూ చేసుకున్నారు, చివరి దాకా వాటాలు వేసుకోలేదు.

ఇందులో నాకు ఇంకా విడని ముడి ఒకటుంది. ఆ సెన్సారు నంబరు. అది చదివిన మనిషిదో, ఆ ఆఫీసుదో అయుండాలి. 1941 డిసెంబరు, 1942 మార్చి మధ్య మన జిల్లాల నుంచి రంగూన్‌కి వేసి తిరిగొచ్చిన కార్డు మరొకటి దొరికితే, రెండూ పక్కన పెట్టి చూస్తే, మా కార్డు ఏ ఊరి దాకా వెళ్ళి ఆగిందో చెప్పొచ్చని మావయ్యగారి నమ్మకం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల్లో రంగం వెళ్ళిన పెద్దవాళ్ళున్న ఇళ్ళు బోలెడు. మీ ఇంట్లో పాత పెట్టె ఉంటే ఒకసారి తెరవండి. స్టాంపు బావుందని దాని మేరకు కత్తిరించేయకండి, ముద్ర సగం స్టాంపు మీద, సగం కార్డు మీద ఉంటుంది, కత్తిరిస్తే రెండూ పోతాయి. ప్లాస్టిక్ అంటు కాగితం కూడా వేయొద్దు, సిరా పీల్చేస్తుంది. రెండు వైపులా మంచి వెలుతురులో ఫోటో తీసి నాకు చూపించండి, ముఖ్యంగా పాస్డ్ అనే ముద్ర ఉంటే. నంబరు ఎంత అరిగిపోయినా ఫరవాలేదు, మావయ్యగారూ నేనూ కూర్చుని చదువుతాం.